టేప్ చుట్టినా నీళ్లు కారుతున్నాయా?

ప్రశ్న: పగడాల అక్వేరియం కోసం పీవీసీ పైపు, అక్రిలిక్ షీటుతో కాల్షియం రియాక్టర్ (పగడాలకు కావాల్సిన కాల్షియాన్ని నీళ్లలో కలిపే పరికరం) నేనే తయారు చేసుకున్నాను. థ్రెడ్ (మర) ఫిట్టింగుల దగ్గర నీళ్లు చెమరుస్తున్నాయి. టెఫ్లాన్ టేప్ చుట్టి గట్టిగా బిగించాను, పైన సిలికాన్ కూడా పూశాను. అయినా ఆగట్లేదు.

జవాబు: ముందు ఆ సిలికాన్ మొత్తం గీకి తీసేయండి. పీవీసీకి, అక్రిలిక్‌కి అది గట్టిగా అంటుకోదు. లోపలి నుంచి నీళ్లు తోస్తుంటే పైపూత ఎన్నాళ్లో నిలవదు.

నాకు అనుమానం మీ బిగింపు మీదే. పైపు థ్రెడ్లు కొసకు వెళ్లేకొద్దీ సన్నబడతాయి. అందుకే తిప్పేకొద్దీ కట్టెలో చీల దిగినట్టు రంధ్రాన్ని వెడల్పు చేస్తాయి. టెఫ్లాన్ నున్నగా జారుతుంది కాబట్టి ఎంత బిగించామో చేతికి తెలియదు. అక్రిలిక్ అంత ఒత్తిడిని ఓర్చుకోదు. ఫిట్టింగ్ విప్పి, రంధ్రం పక్క నుంచి టార్చ్ వేసి చూడండి. వెంట్రుకలా మెరిసే గీత కనిపిస్తే అది పగులే, ఆ ముక్క మార్చాల్సిందే.

పగులు లేకపోతే టెన్షన్ అక్కర్లేదు. పాత టేప్ తీసి, థ్రెడ్లు తుడిచి ఆరనివ్వండి. కొస మీ వైపు ఉండేలా పట్టుకుని, గడియారం ముల్లు తిరిగే దిశలో మూడు చుట్లు బిగువుగా చుట్టండి. ఎదురు దిశలో చుడితే బిగించేటప్పుడు టేప్ మడతలు పడి బయటికి వచ్చేస్తుంది. కొసన ఉన్న మొదటి థ్రెడ్ వదిలేయండి. లేదంటే తెగిన టేప్ పోగు వెళ్లి వాల్వ్‌లో ఇరుక్కుంటుంది. చేత్తో తిరిగినంత తిప్పి, ఆపైన రెంచ్‌తో ఒక చుట్టు, మహా అయితే ఒకటిన్నర. బిగించాక వెనక్కి తిప్పితే మాత్రం టేప్ మళ్లీ కొత్తగా చుట్టాలి.

థ్రెడ్‌లాకర్ జిగురు జోలికి వెళ్లొద్దు, అక్రిలిక్‌ని అది పగలగొడుతుంది. నీళ్లు తగిలే చోట ఇత్తడి ఫిట్టింగులూ వద్దు. అందులోని రాగి పగడాలకు, రొయ్యలకు విషం. రియాక్టర్ లోపల కార్బన్ డయాక్సైడ్ వల్ల పీహెచ్ 6.5 దాకా పడిపోతుంది కాబట్టి రాగి ఇంకా తేలిగ్గా కరుగుతుంది. మూత ఓ-రింగ్‌కి (రబ్బరు వలయానికి) సిలికాన్ గ్రీజు రాయండి, వాజిలిన్ వద్దు.

పంపు నీళ్లు పీల్చే వైపు సందు ఉంటే చుక్క కూడా కారదు, గాలే లోపలికి వస్తుంది. ఛాంబర్‌లో ఆగకుండా బుడగలు వస్తుంటే అటు చూడండి. గ్యాస్ గొట్టం అతుకులకు సబ్బునీళ్లు రాసి చూసి, తర్వాత శుభ్రంగా తుడిచేయండి.

మీడియా (కాల్షియం కోసం లోపల నింపే పగడపు ముక్కలు), గ్యాస్ పెట్టకముందే మామూలు నీళ్లతో 24 గంటలు నడపండి. ప్రతి అతుకు కింద ఒక టిష్యూ పేపర్ పరవండి. కంటికి ఆనని చెమ్మ కూడా దాని మీద మరకై కనిపిస్తుంది.