పొయ్యి మార్చేముందు అటక చూడు

అమ్మడూ,

పాడేరు వైపు ఊళ్లలో గ్యాస్ పొయ్యిల పనికి వెళ్తున్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. సంబరపడ్డాను. రాత్రికి టెన్షన్ పట్టుకుంది.

తేలికైనవి ముందు చెప్పేస్తాను. సంతరోజు మీటింగు పెట్టకు. పప్పు నానబెట్టమను, మూత పెట్టి ఉడికించమను. కట్టెలు బాగా ఎండాకే వాడమను.

1991లో నేనూ అటువైపు పొగలేని పొయ్యిలు కట్టించాను కదా. రెండు కళ్ల మట్టిపొయ్యి, పైకప్పు దాటి బయటికి సిమెంటు గొట్టం. నెలకిన్ని అని టార్గెట్. ఒక ముసలమ్మ ఇంట్లో మూడు రాళ్లు తీయించి, రెండు రోజుల్లో పొయ్యి కట్టించి, రిజిస్టర్లో టిక్కు పెట్టుకుని వచ్చేశాను. వానలు వెనకబట్టాక వెళ్లి చూస్తే పొయ్యి పగలగొట్టేసి ఉంది. మళ్లీ అవే మూడు రాళ్లు. గయ్యిమన్నాను. ఆవిడ మారు మాట్లాడలేదు. అటక మీంచి మొక్కజొన్న కంకి ఒకటి తీసి నా అరచేతిలో దులిపింది. పిండి రాలింది, దాంతో పాటే ముక్కపురుగులు. పురుగు పట్టకుండా పొగ తగిలేలా పొయ్యి పైన దాచుకున్న విత్తనం అది. "పొయ్యి మంచిదేనమ్మా, విత్తనం ఎవరిస్తారు?" అంది. ఆ ఏడు అప్పు తెచ్చి విత్తుకుంది. రిజిస్టర్లో మాత్రం ఆ టిక్కు అలాగే ఉంచేశాను, కొట్టెయ్యడానికి చెయ్యి రాలేదు. ఇదెవరికీ చెప్పలేదు, మీ పెదనాన్నకు కూడా.

అందుకే ఏ ఇంటికి వెళ్లినా ముందు తలెత్తి అటక చూడు. పొగ పోతే విత్తనం ఎక్కడ పెడతారో అడుగు. బాగా ఎండబెట్టి గట్టి మూత డబ్బాల్లో దాచుకునే ఏర్పాటయ్యాకే పొయ్యి మాటెత్తు.

అడవి తగ్గిపోతోందని ఆడవాళ్లకు పాఠం చెప్పావో, ఊరుకోను. వాళ్లు ఏరుకొచ్చేది చాలావరకు ఎండుపుల్లలే. పచ్చి మాను కొట్టి లారీకెత్తేవాళ్లు ఈ మీటింగులకు రారు. ఒక్కసారి ఆ మోపు నీ నెత్తికెత్తుకుని చూడు.

1999లో దీపం పథకం వచ్చాక డ్వాక్రా ఆడవాళ్లకు గ్యాస్ ఇచ్చారు. నేను చూసిన కొన్ని ఇళ్లలో బండకు గుడ్డ కప్పి, చుట్టాలొస్తే టీ కోసం ఉంచుకున్నారు. రెండో బండకు ఒక్కసారే అంత డబ్బు ఎక్కడిది? కాఫీ గింజ అమ్మేదాకా చేతిలో పైసా ఆడదు. 14.2 కిలోల బండే అనకుండా 5 కిలోలది ఎక్కడ దొరుకుతుందో ముందే కనుక్కో.

ఇంకొకటి, నవ్వితే నవ్వుకో. గ్యాస్ గాలికంటే బరువు, నేల మీద పాకుతుంది. కట్టెపొయ్యి ఉన్న గదిలో బండ పెట్టనివ్వకు. స్టవ్ బండకంటే ఎత్తులో ఉండాలి. రాత్రి రెగ్యులేటర్ కట్టేశారా అని అడుగు. రెండోసారీ అడుగు.

జీపు వెనక వేలాడుతూ ఘాట్ ఎక్కకు. చలికి నీ పాత స్వెటర్ పంపుతున్నాను. నైలాన్‌ది, పొయ్యి దగ్గర కూర్చునేటప్పుడు తీసి పక్కన పెట్టు.

పెద్దమ్మ