‘కంథ’ అంటే బొంతకు గౌరవం పెరుగుతుందా?

సందేహం: మా అమ్మమ్మ తన అత్తగారి పాత నేతచీరలతో కుట్టిన బొంత ఒకటి మా ఇంట్లో ఉంది. బంధువుల వాట్సాప్ గ్రూపులో దాని ఫొటో పెట్టి, కింద ‘మా వారసత్వ బొంత’ అని రాశాను. ‘బొంతేమిటి, నామోషీగా! కంథ అని రాయి’ అన్నారు మా పెదనాన్నగారు. ఏది సరైనది?

సమాధానం: బొంతే. మీ పెదనాన్నగారి టెన్షన్ ఎక్కడిదో ఊహించగలను. ‘అతుకుల బొంత’ అని పత్రికలు సంకీర్ణ ప్రభుత్వాలను ఎద్దేవా చేస్తుంటాయి. జోడీ కుదిరినవాళ్లను వెక్కిరించడానికి ‘గంతకు తగ్గ బొంత’ అంటాం. పాపం, రెండుచోట్లా బొంతకే చెడ్డపేరు. అయితే సంస్కృతంలోకి వెళ్తే పరువు దక్కుతుందా? కంథ అన్నా అతుకుల గుడ్డే. భజగోవిందంలో ‘రథ్యాచర్పట విరచిత కంథః’ అని ఉంది. వీధిలో ఏరుకున్న పేలికలతో కుట్టిన కంథ కప్పుకున్న సన్న్యాసి అన్నమాట. మీ బొంత వీధిలో ఏరిన పేలికలది కాదు, ఇంటి చీరలది! పైగా ఇవాళ ఆ మాట వింటే ఆడవాళ్లకు ముందు గుర్తొచ్చేది బెంగాలీ కాంథా వర్క్ పట్టుచీర. కన్నడిగులు కౌది అనీ మరాఠీలు గోధడి అనీ హాయిగా తమ మాటే వాడుకుంటున్నారు. మనకెందుకు మొహమాటం?

నా అభ్యంతరమల్లా ‘వారసత్వ’ మీదే. తప్పు కాదు గానీ, ఆ మాట వినగానే పొలం పంపకాలు, ధ్రువపత్రాలు, తహసీల్దారు ఆఫీసు కళ్లముందు కదులుతాయి. పోనీ ‘అమ్మమ్మ బొంత’ అందామా అంటే అందులో ఇంకో చిక్కు. అమ్మమ్మ కుట్టిందా, అమ్మమ్మ చీరలతో కుట్టారా, అమ్మమ్మ కప్పుకునేదా? మూడింటికీ ఆ ఒక్క మాటే సరిపోతుంది. మీ ఇంట్లో చీరలు ఒకరివి, సూది పట్టిన చెయ్యి ఇంకొకరిది. ఆ సంగతే పోతుంది.

మీరు సందేహంలో రాసిన వాక్యం చూడండి: ‘మా అమ్మమ్మ తన అత్తగారి పాత నేతచీరలతో కుట్టిన బొంత’. ఫొటో కింద అదే పెట్టండి. ‘తన’ను మాత్రం వదలొద్దు. ‘మా అమ్మమ్మ అత్తగారి చీరలతో కుట్టిన బొంత’ అంటే కుట్టిందెవరో తెలియదు. ‘మా అమ్మమ్మ, అత్తగారి చీరలతో కుట్టిన బొంత’ అని కామా పెడితే, మీకు పెళ్లయి ఉంటే, చీరలు మీ అత్తగారివి అయిపోతాయి. ఆవిడ కూడా ఆ గ్రూపులో ఉంటే, చీరలు ఎప్పుడు ఇచ్చానని అడుగుతారు.