కుంకుడు రసంతో నేను చేసిన పొరపాటు

సింగరాయకొండ

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

కావలిలో చిన్నపిల్లల బడి తెరుస్తున్నావనీ, వాళ్ళు చేతులు కడుక్కోవడానికి ప్రకృతిసిద్ధమైన ద్రవసబ్బే పెడతానని పట్టుబట్టావనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. మన ఇంట్లో బడి పెట్టిన మొదటి ఆడపిల్లవు నువ్వే. ఆ సంతోషంతో పాటే నాకు దిగులూ పట్టుకుంది. ప్రకృతిసిద్ధమన్న మాటను నమ్మి నేను చేసిన పని నీకు ఎన్నడూ చెప్పలేదు.

ఇక్కడి ఆడపిల్లల హాస్టలులో వార్డెనుగా ఉన్న రోజుల్లో, సబ్బుల ఖర్చు తగ్గుతుందనీ, రసాయనాలు లేనిది కనుక పిల్లలకు మంచిదనీ తలచి, కుంకుడుకాయలు నానబెట్టి, పిసికి, ఆ రసాన్ని సీసాలకు పోసి కుళాయిల దగ్గర పెట్టించాను. కుంకుడు రసం ఏ పూటకు ఆ పూట పిసుక్కునేదే గాని నిలవ పెట్టుకునేది కాదని మా అమ్మకు తెలుసు. నాకూ తెలిసి ఉండవలసింది. మూడో నాటికి పులిసి వాసన వేసింది. పారబోయడానికి చెయ్యి రాక, వాసన విరుగుతుందని అందులో నిమ్మకాయలు పిండాను. గజ్జితో వేళ్ళ సందులు రేగిన నాలుగో తరగతి పిల్ల ఒకతె ఆ రసంతో చేతులు కడుక్కుని, మంట మంట అని ఏడ్చింది. “కుంకుడుకాయే గదా, ఏమీ కాదు పో” అని గదమాయించాను. ఆ చేతులతోనే కళ్ళు నులుముకుంది. రెండు రోజులు కళ్ళు ఎర్రగా వాచి బడికి పోలేదు. రాత్రంతా చల్లటి నీళ్ళ గుడ్డతో తుడుస్తూ పక్కనే కూర్చున్నాను గాని, ఆ పిల్ల నా వైపు చూడకుండా గోడ వైపు తిరిగి పడుకుంది.

అందుకే చెబుతున్నాను, సీసా ముందువైపు కొబ్బరికాయ బొమ్మ చూసి మురిసిపోకు. వెనుక సన్న అక్షరాలు చదువు. చర్మాన్ని పొడిబార్చే సోడియం లారైల్ సల్ఫేట్ అనే నురుగు పదార్థం కూడా కొబ్బరినూనె నుంచో పామాయిలు నుంచో తయారయ్యేదే. అదే కొబ్బరినూనె నుంచి వచ్చినదానికి గ్లూకోజు కలిపి చేసే కోకో గ్లూకోసైడ్, డెసైల్ గ్లూకోసైడ్ చర్మానికి మెత్తన. నూనెను పొటాషియం క్షారంతో ఉడికించే పాతకాలపు ద్రవసబ్బు మంచిదే గాని, దాని పీహెచ్, అంటే ఆమ్ల క్షార గుణాల కొలత, 9, 10 దాకా ఉంటుంది, మన చర్మానిది 5 దరిదాపుల్లోనే. పైగా అది బోరు నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియంలతో కలిసి తెల్లటి తెట్టు కడుతుంది. నెల్లూరులో ఉన్నప్పుడు పెన్నా నీళ్ళకు గుప్పున నురిగిన సబ్బు ఇక్కడి బోరు నీళ్ళకు జిడ్డుగా మిగిలేది. నీ బడిలోనూ బోరే కదా, ఈ మాట మరచిపోకు. గ్లూకోసైడ్లకు ఈ బెడద లేదు.

సువాసన లేనిదే కొను. నిమ్మతైలమైనా, లావెండర్ తైలమైనా కొందరు పిల్లలకు దద్దుర్లు తెప్పిస్తుంది. క్రిములను చంపుతుందన్న సబ్బుకు ఎక్కువ డబ్బు పెట్టవద్దు. మామూలు సబ్బుకన్నా మేలని తయారీదారులు చూపలేకపోయినందున 2016లో అమెరికా ప్రభుత్వం ట్రైక్లోసాన్‌తో సహా 19 పదార్థాలను అలాంటి సబ్బుల్లో వాడకూడదన్నది.

సబ్బు పాడవకుండా కలిపే నిలవ మందు అసలే లేదని గొప్పగా రాసిన సీసాను మాత్రం ముట్టకు. నీళ్ళున్న ప్రతి వస్తువూ పాడవుతుంది, నా కుంకుడు రసంలాగే. సోడియం బెంజోయేట్, పొటాషియం సార్బేట్ అనే నిలవ మందులు ఉంటే భయపడకు. ఎలర్జీ తెచ్చే మిథైల్ ఐసోథియాజోలినోన్ ఉంటే వదిలెయ్యి. ఎక్కువ రోజులు వస్తుందని ఆయా నీళ్ళు కలిపితే ఊరుకోకు, కోప్పడు. నీళ్ళు కలిపితే నిలవ మందు బలం తగ్గిపోతుంది. అడుగున మిగిలిన సబ్బు మీదే కొత్తది పోయకుండా, సీసా కడిగి ఆరబెట్టి నింపించు. ఇరవై సెకన్లు రుద్దించడం, మెత్తటి గుడ్డతో అద్దించడం నీకు నేను చెప్పాలా!

ముందు వారం రోజులు నీ చేతులకే వాడి చూడు తల్లీ. ఏ బిడ్డయినా మంట అంటే, సీసా మీద ఏమి రాసి ఉన్నా ఆ బిడ్డ మాటే నమ్ము. బడి తెరిచే రోజు పొద్దున్నే వస్తాను. వచ్చీ రాగానే నీ సబ్బు సీసా మూత తీసి వాసన చూస్తాను, నవ్వకు.

ఇట్లు
మీ పెద్దమ్మ