మ్యాక్ ప్యాకేజింగ్‌ను యంత్రానికి అప్పగించబోతున్న నీకు

చిరంజీవికి, ఆశీస్సులు.

మీ సంస్థలోని మ్యాక్ కంప్యూటర్లన్నింటికీ సాఫ్ట్‌వేర్ చేరవేసే బాధ్యత నీ మీద పడిందనీ, ఇన్నాళ్లూ చేత్తో సాగుతున్న ప్యాకేజింగ్‌ను, అంటే యాప్‌లను ఇన్‌స్టాల్ చేయదగిన ప్యాకేజీలుగా కట్టే పనిని, ఆటోమేట్ చేయదలచుకున్నావనీ రాశావు. తప్పకుండా చెయ్యి. కొత్త వెర్షన్ వచ్చిందేమో చూడడం, దించుకోవడం, ప్యాకేజీ కట్టడం, ఐకాన్ తీయడం వంటివన్నీ యంత్రానికి వదిలెయ్యి. ఎవరి డిజిటల్ సంతకాన్ని నమ్మాలి, ఏ వెర్షన్ ఎప్పుడు అందరికీ వెళ్లాలి అనే రెండు నిర్ణయాలను మాత్రం నీ దగ్గరే ఉంచుకో.

ఈ పనికి ఎక్కువమంది వాడేది ఆటోప్యాకేజ్ అనే పరికరం. ఏమేం చేయాలో వరుసగా రాసిన సూచనల ఫైల్‌ను అది రెసిపీ అంటుంది. ఒక్కొక్క యాప్‌కు ఒక డౌన్‌లోడ్ రెసిపీ, దాని మీద ఆధారపడి ప్యాకేజీ కట్టే రెసిపీ, ఆ పైన మ్యాక్‌లకు సాఫ్ట్‌వేర్ పంపిణీ చేసే మంకీలోకో జామ్ఫ్‌లోకో ఎక్కించే రెసిపీ ఇలా గొలుసుగా ఉంటాయి. వీటిలో చాలావరకు ఇతరులు రాసి ఉచితంగా పంచిపెట్టినవే కనుక నీ శ్రమ తగ్గుతుంది, కానీ ఎవరో రాసిన కోడ్‌ను నీ యంత్రం మీద నడుపుతున్నావన్న సంగతి మరువకు. అందుకే రెసిపీని నేరుగా నడపకుండా ప్రతిదానికీ ఓవర్‌రైడ్, అంటే దాని మీద ఆధారపడే నీ సొంత రెసిపీ ఫైల్, తయారు చేసుకో. మాతృ రెసిపీల హ్యాష్‌లు (ఫైల్ కాస్త మారినా మారిపోయే గుర్తులు) ఓవర్‌రైడ్‌లో నమోదై ఉంటాయి కాబట్టి, తర్వాత ఎవరైనా మాతృ రెసిపీని మారిస్తే ఆటోప్యాకేజ్ ఆగిపోయి చెబుతుంది. అప్పుడు మార్పును చదివిన తర్వాతే విశ్వాస సమాచారాన్ని, అంటే ఆ హ్యాష్‌లను, నవీకరించాలి. ఆ నవీకరణను కూడా స్క్రిప్టులో పెట్టి ప్రతి రాత్రీ దానంతట అదే జరిగేలా చేసినవారిని చూశాను. కాపలా మనిషికి జీతమిచ్చి నిద్రపొమ్మన్నట్టే అది. విశ్వాస సమాచారం లేని రెసిపీలు అసలు నడవకుండా చేసే సెట్టింగ్ ఒకటుంది, దాన్ని మొదటి రోజే ఆన్ చెయ్యి.

దించుకున్న ఫైల్ విషయంలోనూ ఇదే పద్ధతి. డౌన్‌లోడ్ అయిన వెంటనే కోడ్ సంతకాన్ని (యాప్ ఎవరు తయారుచేశారో చెప్పే డిజిటల్ ముద్రను) సరిచూసే దశ రెసిపీలో ఉందో లేదో చూసుకో. ఆ దశ లేని రెసిపీలు కొన్ని తగులుతాయి, వాటికి నువ్వే చేర్చుకో. డెవలపర్‌కు ఆపిల్ ఇచ్చిన పది అక్షరాల టీమ్ ఐడీయే ఇందులో ప్రధానం. ఒక కంపెనీని మరొకటి కొనుగోలు చేసినప్పుడు ఆ ఐడీ మారవచ్చు, నీ రెసిపీ విఫలం కావచ్చు. పని ఆగిందన్న తొందరలో ఆ దశను తీసేయకు. మార్పు నిజమైనదేనని తయారీదారు ద్వారా నిర్ధారించుకొని కొత్త ఐడీని రాయి.

తయారీదారు ఇచ్చిన ప్యాకేజీ సవ్యంగా ఉంటే దాన్ని విప్పి మళ్లీ కట్టవద్దు. విప్పి కట్టిన దానికి అసలు సంతకమూ ఉండదు, ఆపిల్ తనిఖీ ముద్ర అయిన నోటరైజేషనూ ఉండదు. లైసెన్సు, ప్రాధాన్యాల సెట్టింగులు చేర్చాలనిపిస్తే వాటిని సెట్టింగులు మోసుకెళ్లే కాన్ఫిగరేషన్ ప్రొఫైల్‌గానో విడి ప్యాకేజీగానో పంపు.

వెర్షన్ సంఖ్యలు నిన్ను కొంత విసిగిస్తాయి. యాప్ వివరాలుండే ఇన్ఫో పీలిస్ట్ ఫైల్‌లో మనుషులు చదివే చిన్న వెర్షన్ ఒకటి, బిల్డ్ సంఖ్య మరొకటి ఉంటాయి. కొందరు తయారీదారులు మొదటిదాన్ని ముట్టకుండా రెండోదాన్ని మాత్రమే పెంచుతారు. ఏది పోల్చాలో మంకీకి సరిగ్గా చెప్పకపోతే అవసరమైన నవీకరణ వెళ్లకుండా ఉండిపోతుంది, లేదా ఉన్న యాప్‌నే పదే పదే ఇన్‌స్టాల్ చేస్తూ పోతుంది.

ఇక ఐకాన్ల సంగతి. ఇది అలంకారపు పని అని తేలిగ్గా తీసుకోకు, ఎందుకంటే ఉద్యోగి తనకు కావలసిన యాప్ తానే ఎంచుకునే సెల్ఫ్ సర్వీస్ తెరిచినప్పుడు పేరు చదవడానికి ముందే బొమ్మను గుర్తుపడతాడు, బొమ్మ లేనిచోట నొక్కడానికి సందేహిస్తాడు. సాధారణంగా ఐకాన్ యాప్ లోపలి రిసోర్సెస్ ఫోల్డర్‌లో ఐసీఎన్ఎస్ ఫైల్‌గా ఉంటుంది, దాని పేరు ఇన్ఫో పీలిస్ట్‌లో దొరుకుతుంది. ఆ పేరు వెనక ఎక్స్‌టెన్షన్ ఉండవచ్చు, లేకపోవచ్చు, నీ స్క్రిప్టు రెండింటికీ సిద్ధపడాలి. మ్యాక్‌తోపాటే వచ్చే సిప్స్ అనే పరికరం దాన్ని పీఎన్‌జీగా మారుస్తుంది. మంకీ వాడితే ఐకాన్ ఇంపోర్టర్ ఈ పనంతా చేసిపెడుతుంది. ఒకే ప్యాకేజీలో చాలా యాప్‌లు ఉన్నప్పుడు మాత్రం యంత్రాన్ని నమ్మకు. అసలు యాప్‌కు బదులు అన్‌ఇన్‌స్టాలర్ బొమ్మను తెచ్చిపెట్టగలదు. ఫాంట్లు, ప్రింటర్ డ్రైవర్ల వంటి వాటిలో తీయడానికి ఐకానే ఉండదు కనుక, రకానికొక సాధారణ బొమ్మ ముందే సిద్ధం చేసుకో.

2020లో మ్యాక్ ఓఎస్ బిగ్ సర్ వచ్చినప్పుడు ఐకాన్లు గుండ్రటి మూలల చతురస్రాలయ్యాయి, 2025లో మ్యాక్ ఓఎస్ 26తో రూపు మరోసారి మారింది. ఫైల్ నుంచి కాకుండా ఓఎస్‌నే అడిగి బొమ్మ తీసుకునే స్క్రిప్టు రాస్తే, అది నడిచే యంత్రంలోని ఓఎస్ వెర్షన్‌ను బట్టి ఫలితం వేరుగా ఉండవచ్చు కాబట్టి, ఐకాన్లన్నీ ఒకే యంత్రం మీద తీయి. ఇంకొక మెలిక ఉంది. ఐకాన్ పేరు విడిగా చెప్పకపోతే మంకీ యాప్ పేరుతో ఉన్న ఒకే బొమ్మను అన్ని వెర్షన్లకూ చూపుతుంది. పరీక్షలో ఉన్న కొత్త వెర్షన్ కోసం ఆ బొమ్మను మార్చేస్తే, ఇంకా పాత వెర్షన్ వాడుతున్నవారికి కూడా కొత్త బొమ్మే కనిపిస్తుంది. రూపు పూర్తిగా మారిన యాప్‌లకు వెర్షన్‌తో కూడిన ఐకాన్ పేరు పెట్టు, మిగతావాటికి ఆ శ్రమ అక్కర్లేదు.

కొత్త వెర్షన్లన్నీ ముందు టెస్టింగ్ క్యాటలాగ్‌కే, అంటే పరీక్షించేవారికి మాత్రమే కనిపించే జాబితాకే, వెళ్లాలి. అక్కడ కొందరు నిజంగా వాడేవారు ఉండాలి, నీ ఖాళీ పరీక్షా యంత్రం ఒక్కటే చాలదు. కొన్ని రోజుల తర్వాత అందరికీ వెళ్లే ప్రొడక్షన్‌కు మార్చే స్క్రిప్టు పెట్టుకున్నా, బ్రౌజర్ భద్రతా లోపాల సవరణలు అంతవరకు ఆగలేవు గనుక వాటిని నువ్వే ముందుకు తొయ్యి.

రోజువారీ నివేదికలో విఫలమైన రెసిపీలను అందరూ చూస్తారు. నువ్వు మౌనంగా ఉన్నవాటిని కూడా చూడు. తరచూ మారే యాప్‌కు నెలల తరబడి కొత్త వెర్షన్ రాలేదంటే, తయారీదారు డౌన్‌లోడ్ చిరునామా మార్చి పాతదాన్ని అలాగే వదిలేసి ఉండవచ్చు, రెసిపీ ప్రతి రాత్రీ అదే పాత ఫైల్‌ను చూసి తృప్తిపడుతుండవచ్చు.

ప్యాకేజీలన్నీ దాచే రిపాజిటరీ త్వరగానే నిండుతుంది. మంకీలోని రెపోక్లీన్ ప్రతి యాప్‌కూ మామూలుగా రెండు వెర్షన్లు ఉంచి మిగిలినవి తీసేయబోతుంది, తీసేముందు జాబితా చూపి అనుమతి అడుగుతుంది. పాత ఓఎస్ మీద ఆగిపోయిన యంత్రాలు నీ దగ్గర ఉంటే, వాటికి పనికొచ్చే చివరి వెర్షన్ తీసేసేవాటిలో లేదని చూసుకున్న తర్వాతే సరేనను.