అదనపు ఆదాయం కోసం సాయంత్రాలన్నీ వదులుకోవాలా?

ప్రశ్న: నా వయసు 39 ఏళ్లు. విశాఖపట్నం గాజువాకలో ఉంటాం. పరవాడ ఫార్మాసిటీలోని ఒక కంపెనీలో క్వాలిటీ కంట్రోల్ విభాగంలో పనిచేస్తున్నాను. స్థూల జీతం నెలకు 95,000 రూపాయలు. పీఎఫ్ వగైరా పోగా చేతికి 89,000 వస్తుంది. నా భార్య ప్రైవేటు పాఠశాలలో ఉపాధ్యాయురాలు, ఆమెకు 22,000 వస్తుంది. బాబుకి 11 ఏళ్లు, పాపకి 8 ఏళ్లు. ఇంటి రుణం ఇంకా 32 లక్షలుంది. ఫ్లోటింగ్ (ఎప్పటికప్పుడు మారే) వడ్డీ 8.5 శాతం, గడువు మరో 18 ఏళ్లు, వాయిదా 29,000. పాప పేరిట సుకన్య సమృద్ధి ఖాతాలో నెలకు 5,000, 6.5 శాతం వడ్డీ వచ్చే రికరింగ్ డిపాజిట్ (ఆర్‌డీ)లో మరో 5,000 వేస్తున్నాం. రెండున్నర లక్షలు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉన్నాయి. అన్నీ పోగా నెలకు పది వేల దాకా మిగులుతుంది. ఎన్‌ఏడీ కూడలి దగ్గరి ఒక కోచింగ్ సెంటర్ వారు వారంలో ఐదు రోజులు రాత్రి 7 నుంచి 9 వరకు, ఆదివారం ఉదయం మూడు గంటలు కెమిస్ట్రీ చెబితే నెలకు 25,000 జీతం ఇస్తామంటున్నారు. అదంతా అప్పుకే కడితే ఆరున్నరేళ్లలో తీరిపోతుంది, ఆ తర్వాత హాయిగా ఉండవచ్చన్నది నా ఆలోచన. "ఆదివారం కూడా మీరు ఇంట్లో లేకపోతే ఇక ఈ ఇల్లెందుకు?" అంటోంది నా భార్య. ఏం చేయమంటారు?

జవాబు: ఈ పనిని ఏడాది పొడవునా చేసే ఉద్యోగంగా ఒప్పుకోవద్దన్నది నా సలహా. అప్పు త్వరగా తీర్చాలన్న మీ పట్టుదల మంచిదే, దాన్ని వదులుకోమని నేను చెప్పడం లేదు. అయితే మీరు వేసుకున్న లెక్కలో 25,000 రూపాయలు పూర్తిగా అప్పుకే చేరుతున్నాయి, వాస్తవంలో అలా జరగదు. ఎంత చేరుతుందో ముందు చూద్దాం. మీ భార్య అడిగిన ప్రశ్నకు జవాబు కూడా ఆ లెక్కలోనే దొరుకుతుంది.

మొదటిది ఆదాయపు పన్ను. మీ స్థూల జీతం ఏడాదికి 11.4 లక్షలు. కొత్త పన్ను విధానంలో 75,000 స్టాండర్డ్ డిడక్షన్ తీసివేస్తే 10.65 లక్షలవుతుంది. 2025-26 ఆర్థిక సంవత్సరం నుంచి 12 లక్షల దాకా పన్ను విధించదగిన ఆదాయానికి రిబేటు వర్తిస్తోంది కనుక ఇప్పుడు మీరు పైసా పన్ను కట్టనవసరం లేదు. కోచింగ్ సెంటర్ జీతం ఏడాదికి మూడు లక్షలు దీనికి కలిస్తే ఆదాయం 13.65 లక్షలకు చేరి, ఆ రిబేటు మొత్తంగా పోతుంది. ఇద్దరు యజమానులున్నా స్టాండర్డ్ డిడక్షన్ ఒక్కసారే లభిస్తుంది. అప్పుడు 12 లక్షల వరకు 60,000, ఆపైన ఉన్న 1.65 లక్షల మీద 15 శాతం చొప్పున 24,750, రెండూ కలిపి 4 శాతం సెస్సుతో మొత్తం 88,140 రూపాయల పన్ను పడుతుంది. డిపాజిట్ల వడ్డీని పక్కన పెట్టి వేసిన లెక్క ఇది. దాన్ని కలిపితే పన్ను మరికొంత పెరుగుతుందే తప్ప తగ్గదు. పాత విధానానికి మారి ఇంటి రుణం వడ్డీ చూపించుకున్నా మీ స్థాయిలో లాభం ఉండదు. అంటే మీరు తెచ్చే 25,000 నుంచి నెలకు 7,345 రూపాయలు పన్నుకే పోయి, 17,655 మిగులుతుంది.

రెండవది ఆ పని తెచ్చే ఖర్చు. గాజువాక నుంచి ఎన్‌ఏడీకి వారానికి ఆరు రోజులు వెళ్లి రావడానికి పెట్రోలు, బండి అరుగుదల కలిపి 2,500 అనుకుందాం. క్లాసుకు ముందు తినే టిఫిను, టీలకు 1,500 అవుతుంది. బాబుకు లెక్కలు రోజూ రాత్రి మీరే చెబుతున్నట్టు ఉత్తరంలో మరోచోట రాశారు. మీరు లేకపోతే ట్యూషన్ పెట్టించక తప్పదు, దానికి 3,000. ఈ ఏడు వేలూ పోగా అప్పుకు చేరేది నెలకు 10,655 రూపాయలు. పాఠం చెప్పే గంటలకు ప్రయాణం, పేపర్లు దిద్దడం కలిపితే నెలకు 90 గంటలవుతాయి. గంటకు 120 రూపాయలకన్నా తక్కువే పడుతోంది. ఎమ్మెస్సీ చదివి, ఇన్నేళ్ల అనుభవం సంపాదించిన మీరు పగటి ఉద్యోగంలో గంటకు ఇంతకు మూడింతలు మించి సంపాదిస్తున్నారు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. నెలకు 10,655 రూపాయలు అదనంగా కడితే మీ అప్పు ఆరున్నరేళ్లలో కాదు, పదేళ్లలో తీరుతుంది. అప్పటికి బాబుకి 21 ఏళ్లు, పాపకి 18 ఏళ్లు వస్తాయి. తర్వాత హాయిగా ఉందామనుకుంటున్న ఆ రోజుకు పిల్లలిద్దరూ చదువులకో ఉద్యోగాలకో ఇల్లు దాటి ఉంటారు.

కోచింగ్ సెంటర్ ఊసే లేకుండా ఇదే అప్పుకు మరో దారి ఉంది. ఇప్పుడు మీరు 6.5 శాతం వడ్డీకి ఆర్‌డీ కడుతూ, 8.5 శాతం వడ్డీకి అప్పు మోస్తున్నారు. ఆ 5,000 రూపాయలను రుణానికి మళ్లించి వాయిదాను 34,000 చేస్తే చాలు, 18 ఏళ్ల అప్పు 13 ఏళ్లకు దిగివస్తుంది. వడ్డీలో తొమ్మిది లక్షలకు పైగా మిగులుతుంది. ముందస్తుగా కట్టే మొదటి కొన్ని వేలే గడువును ఎక్కువగా తగ్గిస్తాయి, ఆ తర్వాత కలిపే ప్రతి వెయ్యికీ ఫలితం తగ్గుతూ పోతుంది. చాలామంది రుణగ్రహీతలు ఈ సంగతి గమనించక ప్రాణం మీదికి తెచ్చుకుంటారు. ఇక ఏటా జీతం పెరిగినప్పుడు ఆ పెంపులోంచి 1,500 రూపాయలు మాత్రం వాయిదాకు కలుపుతూ పొండి: మొదటి ఏడు 34,000, రెండో ఏడు 35,500, మూడో ఏడు 37,000, అలా. వడ్డీ రేటు ఇలాగే ఉంటే ఈ పద్ధతిలో కూడా అప్పు సరిగ్గా పదో ఏడు ముగిసేలోగా తీరిపోతుంది. కోచింగ్ సెంటర్ దారిలో పట్టేదీ పదేళ్లే. ఒక దారిలో ఆ పదేళ్ల రాత్రులూ ఆదివారాలూ ఖర్చవుతాయి, మరొక దారిలో అవి మీ ఇంట్లోనే ఉంటాయి.

సుకన్య సమృద్ధి ఖాతాను మాత్రం కదపవద్దు. దాని మీద 2024 జనవరి నుంచి 8.2 శాతం వడ్డీ వస్తోంది, ఆ వడ్డీకి పన్ను లేదు. అప్పు తీర్చే తొందరలో దాన్ని ఆపడం వల్ల ఒరిగేది ఏమీ ఉండదు.

విశ్రాంతి సంగతిని కూడా డబ్బు లెక్కలోనే చెబుతాను, ఎందుకంటే మీ వృత్తిలో అది నేరుగా జీతంతో ముడిపడిన విషయం. ఉదయం కంపెనీ బస్సు ఎక్కి, సాయంత్రం ఆరింటికి దిగి, ఏడింటికి క్లాసులో నిలబడి, పావు తక్కువ పదింటికి ఇల్లు చేరి, భోజనం చేసి పడుకునేసరికి పదకొండున్నర దాటుతుంది. మర్నాడు మందులో ఏది ఎంతుందో కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రం గ్రాఫు చదివి, ఫలితం నమోదు చేసి, దాని కింద సంతకం పెట్టవలసింది మీరే. నిద్ర చాలని కళ్లతో ఒక అంకె తప్పు రాస్తే ఫార్మా పరిశ్రమలో దాన్ని కొట్టేసి దిద్దుకోవడంతో సరిపోదని మీకు నాకన్నా బాగా తెలుసు. విచారణ, సంజాయిషీ, ఆడిట్లో ప్రశ్నలు వరుసగా వస్తాయి. నెలకు పది వేల కోసం 89,000 రూపాయల ఉద్యోగానికి అంత ముప్పు తెచ్చుకోవడం తెలివైన బేరం కాదు. అదీగాక రాత్రి తొమ్మిది దాటాక భారీ లారీల మధ్య జాతీయ రహదారి మీద అలసిపోయి బండి నడపడాన్ని తలచుకుంటేనే నాకు భయం వేస్తుంది. మీ నియామక పత్రాన్ని కూడా ఒకసారి తీసి చదవండి. అనుమతి లేకుండా మరో ఉద్యోగం చేయరాదన్న షరతు చాలా కంపెనీల పత్రాల్లో ఉంటుంది.

మీ కుటుంబానికి నిజంగా లోటుగా ఉన్నది వేరే చోట ఉంది. బీమా మొత్తం కంపెనీ ఇచ్చినదేనని రాశారు. ఉద్యోగం మారిన రోజున అది ఉండదు. 32 లక్షల అప్పు, ఇద్దరు చిన్నపిల్లలు ఉన్న మీకు సొంతంగా కనీసం కోటి రూపాయల టర్మ్ పాలసీ, నలుగురికీ కలిపి ఒక ఆరోగ్య బీమా తక్షణం కావాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమా ప్రీమియంల మీద జీఎస్‌టీ లేదు కనుక భారం కూడా కొంత తగ్గింది. నెలనెలా మిగులుతున్న పది వేలలో మొదటి వాటా వీటికి, తర్వాతి వాటా అత్యవసర నిధికి వెళ్లాలి. రెండున్నర లక్షల డిపాజిట్ నాలుగు లక్షలయ్యేదాకా బోనస్ వచ్చినా అందులోనే వేయండి. ఆర్‌డీని అప్పుకు మళ్లించాక మీకు చేతికందే సొమ్ము అదొక్కటే అవుతుంది.

ఆ మిగులులోంచే నెలకు రెండు వేలైనా విశ్రాంతి పేరిట విడిగా రాసుకోండి. ఆదివారం పిల్లలతో అప్పికొండ తీరానికి వెళ్తుంటామని రాశారు, అది కొనసాగించండి. ఏడాదికోసారి కిరండూల్ ప్యాసింజర్‌లో అరకు వెళ్లి ఒక రాత్రి ఉండి రావడానికి ఆ డబ్బు పోగవుతుంది. బడిలో రోజంతా పాఠాలు చెప్పి వచ్చి, మళ్లీ వంట, పిల్లల చదువు చూసుకుంటున్న మీ భార్యకు ఇంటిపనిలో సాయానికి మనిషిని పెట్టుకోవడం కూడా ఈ పద్దులోనిదే. ఆమె అలసట మీ ఉత్తరంలో ఎక్కడా ఖర్చుగా కనిపించలేదు. మీరు రాత్రి పదింటికి వచ్చే ఏర్పాటులో ఆ బరువు రెట్టింపయ్యేది.

పైకి ఎదగాలన్న కోరిక ఉంటే దాన్ని మీ వృత్తి వైపే తిప్పండి. మీకున్న అనుభవానికి రెగ్యులేటరీ వ్యవహారాల్లో (మందులకు ప్రభుత్వ అనుమతులు తెచ్చే పనిలో) ఒక ఏడాది దూరవిద్య డిప్లొమా తోడైతే పగటి జీతమే పెరిగే వీలుంటుంది, వారానికి రెండు సాయంత్రాలు ఇంట్లోనే కూర్చుని చదివితే సరిపోతుంది. జీతం పెరిగి పన్ను పరిధిలోకి వచ్చే పరిస్థితి ఏర్పడితే, జాతీయ పింఛను పథకం ఎన్‌పీఎస్‌లో కంపెనీ వాటా జమచేసే సదుపాయం ఉందేమో అడగండి. మూల వేతనంలో 14 శాతం దాకా ఆ వాటాకు కొత్త విధానంలోనూ మినహాయింపు లభిస్తుంది.

పాఠం చెప్పడం మీకు ఇష్టమైన పని అని మీ రాతలో తెలుస్తోంది, దాన్ని పూర్తిగా మానుకోమనడం నాకూ ఇష్టం లేదు. మీ పన్ను విధించదగిన ఆదాయానికీ 12 లక్షల పరిమితికీ మధ్య 1.35 లక్షల ఖాళీ ఉంది. డిపాజిట్ల వడ్డీ పోగా లక్ష రూపాయల దాకా సంపాదించినా పన్ను పడదు. కంపెనీ రాతపూర్వకంగా అనుమతిస్తే, ఈఏపీసెట్ ముందు ఒకటి రెండు నెలలు నడిచే తరగతులు మాత్రం చెబుతానని, ఆదివారం రానని కోచింగ్ సెంటర్ వారికి చెప్పి చూడండి. ఆ సొమ్ము పన్ను లేకుండా మొత్తం మీ చేతికే వస్తుంది, అత్యవసర నిధి ఏడాది ముందే నిండుతుంది.

బ్యాంకుకు ఈ నెలలోనే వెళ్లండి. వ్యక్తులు తీసుకున్న ఫ్లోటింగ్ రేటు ఇంటి రుణాన్ని ముందుగా తీర్చినందుకు రుసుము వసూలు చేయకూడదు. వాయిదా పెంచుతూ గడువు తగ్గించమని దరఖాస్తులో స్పష్టంగా రాయండి; అలా రాయకపోతే అదనంగా కట్టిన మొత్తానికి కొందరు గడువును అలాగే ఉంచి వాయిదాను తగ్గిస్తారు. సంతకం చేసే ముందు కొత్త చెల్లింపుల పట్టిక అడిగి తీసుకుని, చివరి వాయిదా ఏ ఏడాదిలో పడుతోందో మీరూ మీ భార్యా కలిసి చూడండి.