నెలసరి ఆగిన ఏడాదిన్నరకు మళ్లీ ఎర్రగా కనిపిస్తే?

ప్రశ్న: నాకు 52 ఏళ్లు. టీచర్‌ని. నెలసరి ఆగి ఏడాదిన్నర దాటింది. రాత్రిళ్లు ఉన్నట్టుండి ఆవిర్లు వచ్చి జాకెట్టు తడిసిపోతోంది. నిద్ర లేదు, ఊరికే చిరాకు. ఐదేళ్లుగా షుగర్‌కు మాత్రలు వాడుతున్నాను. రెండు నెలల కిందట రెండు రోజులు కొద్దిగా ఎర్రగా కనిపిస్తే మందుల షాపులో మాత్రలు తెచ్చి వేసుకున్నాను, తగ్గింది. ఆవిర్లకు ఏ క్యాల్షియం మంచిది? సోయా పొడి తాగొచ్చా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: అమ్మా, మీరు అడిగింది ఆవిర్ల గురించి. కానీ మధ్యలో ఒక్క ముక్కలో చెప్పి వదిలేశారే, ఆ ఎర్రగా కనిపించడం, ముందు దాని సంగతి చూడాలి.

వరుసగా 12 నెలలు నెలసరి రాకపోతే మెనోపాజ్ వచ్చినట్టు. ఆ తర్వాత ఒక్క చుక్క కనిపించినా కారణం తేల్చుకోవాల్సిందే. చాలామందిలో గర్భాశయం లేదా యోని లోపొర పలచబడి పొడిబారడమో, చిన్న పాలిప్పో (లోపల పెరిగే పిలక లాంటి కండ) ఉంటుంది. కాబట్టి కంగారు వద్దు. అయితే దాదాపు పదిమందిలో ఒకరికి గర్భాశయ క్యాన్సర్ బయటపడుతుంది. షుగర్, అధిక బరువు ఉంటే ఆ ముప్పు ఇంకాస్త ఎక్కువ. తొలిదశలో దొరికితే చాలావరకు నయమవుతుంది. మీరు ఇప్పటికే రెండు నెలలు పోగొట్టారు.

ఏ మాత్రలు వేసుకున్నారో రాయలేదు, బహుశా మీకూ తెలియదు. రక్తం కట్టే మాత్ర కావచ్చు, హార్మోన్ మాత్ర కావచ్చు. మరక ఆగింది గానీ కారణం పోయిందని చెప్పలేం. పెళ్లికో, తిరుపతి ప్రయాణానికో నెలసరి వాయిదా పడే మాత్రలు చీటీ లేకుండా కొనడం మనవాళ్లకు అలవాటు. యాభై దాటాక కూడా అదే కౌంటర్ దగ్గర నిలబడితే ఎలా? అక్కడి కుర్రాడు మీకు షుగర్ ఉందా అని అడిగాడా? పిల్లలకు పాఠాలు చెప్పేవారు, మీరూ ఇలా చేస్తే ఏమనాలి!

ఈ వారంలోనే గైనకాలజిస్టును కలవండి. యోని ద్వారా స్కానింగ్ చేసి గర్భాశయం లోపొర మందం కొలుస్తారు. 4 మిల్లీమీటర్లు దాటినా, మళ్లీ మరక కనిపించినా, సాధారణంగా చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపుతారు. ఖర్చుకు వెనకాడుతుంటే మీ ఊళ్లోనే ప్రభుత్వ పెద్దాసుపత్రి (జీజీహెచ్) ఉంది.

ఇక ఆవిర్లు. ఛాతీ నుంచి మెడకు, మొహానికి వేడి ఎక్కి, కొద్ది నిమిషాల్లో చెమట పట్టి తగ్గితే మెనోపాజ్ వల్లే అనుకోవచ్చు. కానీ మీ షుగర్ మాత్రల్లో గ్లిమెపిరైడ్ లాంటిది ఉంటే రాత్రి చెమటలు షుగర్ పడిపోయినందువల్ల కూడా రావచ్చు. ఈసారి చెమట పట్టినప్పుడు గ్లూకోమీటర్‌తో చూసుకోండి. 70 కంటే తక్కువ ఉంటే వెంటనే పంచదార నీళ్లు తాగి, మర్నాడే మీ షుగర్ డాక్టర్‌కు చెప్పండి. థైరాయిడ్ పరీక్ష కూడా ఒకసారి చేయించండి.

క్యాల్షియం ఎముకలకు మంచిదే గానీ ఆవిర్లను తగ్గించదు. సోయా పొడి కొందరికి కాస్త ఉపశమనం, చాలామందికి డబ్బు దండగ. హార్మోన్ చికిత్స బాగా పనిచేస్తుంది, కానీ రక్తస్రావం ఎందుకో తేలేదాకా దాని ఊసెత్తకూడదు. హార్మోన్లు లేని మందులూ ఉన్నాయి, అవి కూడా డాక్టర్ చూసి రాయాల్సినవే. చిరాకు సగం నిద్రలేమి వల్లే కావచ్చు. ఈ ముక్క ఇంట్లోవాళ్లకూ చదివి వినిపించండి.

ఉత్తరం చూసి చెప్పగలిగింది ఇంతవరకే, పరీక్ష చేసిన డాక్టర్ చెప్పిందే పాటించండి. వెళ్లేటప్పుడు ఆ షాపు మాత్రల అట్ట దొరికితే పట్టుకెళ్లండి, షుగర్ మందుల చీటీ కూడా.