పావలా వడ్డీ కూడా రాని ఇల్లు

ప్రశ్న: నేను రిటైరైన స్కూలు మాస్టారిని, వయసు 63. చేతికొచ్చిన డబ్బులో 45 లక్షలు అద్దె వచ్చేదాని మీద పెడదామని ఉంది. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి అక్కడ ఇంకా కడుతున్న రెండు బెడ్‌రూముల ఫ్లాటు 75 లక్షలకు చూశాడు, మిగతాది లోను పెడదాం, అద్దె 20 వేలు వస్తుందంటాడు. నాకేమో భీమవరంలో రెడీగా ఉన్న ఫ్లాటు నచ్చింది, 42 లక్షలు, అద్దె 11 వేలు. మా ఆవిడ మాత్రం "మన డాబా మీదే ఇంకో వాటా వేద్దాం, 18 లక్షల్లో అయిపోతుంది, 8 వేలకు ఎవరైనా దిగుతారు" అంటోంది. ఏం చేయమంటారు?
(పాలకొల్లు పాఠకుడు)

జవాబు: మాస్టారూ, అద్దెను కాసేపు వడ్డీ అనుకోండి. మన వైపు అప్పిచ్చేటప్పుడు నెలకు నూటికి ఎంత అని అడుగుతాం కదా, ఇదీ అంతే.

మీ అబ్బాయి చూసిన ఫ్లాటు 75 లక్షలకు రాదు. ఇంకా కడుతున్నారు కాబట్టి 5 శాతం జీఎస్టీ, అంటే 3.75 లక్షలు. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ అన్నీ కలిపి ఏడున్నర శాతం, అది ఇంకో ఐదున్నర లక్షల పైన. కబోర్డులూ కిచెనూ చేయించకపోతే ఆ అద్దెకు ఎవరూ దిగరు, దానికో 4 లక్షలు వేసుకోండి. మొత్తం 88 లక్షలు దాటింది. ఏడాది అద్దె 2.4 లక్షల్లో ఒక నెల ఖాళీ, ఆస్తి పన్ను, రంగులు, రిపేర్లు పోను 2 లక్షలు మిగిలితే నూటికి పందొమ్మిది పైసలు పడింది. పావలా కూడా కాదు! దీనికోసం 43 లక్షలు ఎనిమిదిన్నర శాతానికి, అంటే డెబ్భై పైసల వడ్డీకి తెస్తారా? 20 ఏళ్ళకు ఈఎంఐ 37 వేల పైమాటే, అద్దె పోను నెలకు 17 వేలు అబ్బాయి జేబులోంచి పోవాలి, అదీ ఫ్లాటు చేతికొచ్చాక. అప్పటిదాకా అద్దె సున్నా.

రేటు పెరుగుతుంది నాన్నా అంటాడు, పెరగొచ్చు కూడా. అయితే దాన్ని పందెం అంటారు, పందెం సంగతి భీమవరం పక్కనున్న మీకు నేను చెప్పాలా.

భీమవరం ఫ్లాటుకు రిజిస్ట్రేషన్‌తో 45 లక్షలు దాటుతుంది, ఖర్చులు పోను ఏడాదికి 1.1 లక్షలు మిగిలినా ఇరవై పైసలే. కాకపోతే లోను టెన్షన్ లేదు, పైపు పగిలిందంటే బస్సెక్కి వెళ్ళి చూసుకోవచ్చు. ఇది తక్కువ విషయం కాదండీ. నాకూ హైదరాబాద్‌లో ఒక ఫ్లాటుండేది, ఒక ఏడు అద్దెకున్నవాళ్ళు సరిగ్గా ఆషాఢం ముందు ఖాళీ చేశారు, ఆషాఢంలో కొత్తింట్లో పాలు ఎవరు పొంగిస్తారు, శ్రావణం దాకా తాళమే, మెయింటెనెన్సు మాత్రం నేను కట్టాను. బాత్రూమ్ లీకేజీ కోసం నరసాపురం ఎక్స్‌ప్రెస్‌లో మూడుసార్లు వెళ్ళొచ్చాను.

ఇక అమ్మగారి లెక్క. స్థలం కొనక్కర్లేదు, రిజిస్ట్రేషన్ లేదు. 18 లక్షలకు ఖర్చులు పోను 86 వేలు మిగిలితే నలభై పైసలు, మిగతా రెండింటికీ రెట్టింపు. కానీ మీ డాబా పిల్లర్ల మీద కట్టిందా, గోడల మీదా? మనది వానకు ఉబ్బి ఎండకు బీటలిచ్చే నల్లమట్టి, మేస్త్రి "ఏం పర్లేదండి" అంటే సరిపోదు, ఇంజినీరును పిలిచి పునాది చూపించండి, మున్సిపాలిటీలో ప్లాను తీసుకోండి. పునాది ఆగదంటే ఆ ఆలోచన మానేయండి, ఎన్ని పైసలొచ్చినా సరే.

మిగిలిన 27 లక్షలు పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ స్కీములో వేయండి. 60 దాటినవాళ్ళకు 30 లక్షల దాకా తీసుకుంటారు, ఇప్పుడు 8.2 శాతం, ఏడాదికి 2.21 లక్షలు. 88 లక్షల ఫ్లాటు ఇచ్చేదానికంటే ఎక్కువ! ఆ వడ్డీ మొత్తం ఆదాయం కిందికే వస్తుంది, అద్దెకైతే ఆస్తి పన్ను తీసేశాక 30 శాతం మినహాయింపు ఉంది. అద్దె ఏటా కొంచెం పెంచుకోవచ్చు, ఐదేళ్ళూ ఆ వడ్డీ పెరగదు. అందుకే రెండూ ఉండాలంటున్నాను.

ప్రశ్న: అమలాపురంలో మా ఇల్లు మూడేళ్ళకు అద్దెకు అడుగుతున్నారు. అందరూ 11 నెలలకే అగ్రిమెంటు రాస్తారెందుకు?
(ఒక పాఠకురాలు)

జవాబు: కేంద్ర చట్టం ప్రకారం ఏడాది దాటిన లీజును రిజిస్టర్ చేయించి తీరాలమ్మా, ఆ ఖర్చూ తిరుగుడూ తప్పించుకోవచ్చనే ఈ 11 నెలలు. మన ఆంధ్రాలో మాత్రం 1999 సవరణతో ఏ గడువు లీజైనా రిజిస్టర్ చేయించాల్సిందే. మూడేళ్ళకు ఇవ్వదలిస్తే తప్పకుండా చేయించేయండి, రిజిస్టర్ కాని కాగితంలోని షరతులు కోర్టులో నిలవవు. ఏటా ఎంత పెంచేదీ, రంగులు ఎవరు వేయించేదీ, పెరట్లో కొబ్బరికాయలు ఎవరివో కూడా రాయించండి. మా వీధిలో ఓ ఓనరుకీ అద్దెకున్నవాళ్ళకీ గొడవ ఆ కాయల దగ్గరే మొదలైంది.